బొమ్మ కింద రెండు భాషలు

మా బడి ప్రహరీగోడ పొడవు 110 అడుగులు. ఎన్నికలప్పుడు పార్టీల గుర్తులు, మిగతా రోజుల్లో ట్యూషన్ సెంటర్ల పోస్టర్లు తప్ప ఇన్నేళ్ళలో ఆ గోడ మీద మరొకటి కనబడలేదు. పోయిన వేసవి సెలవులకు ముందు మా పూర్వ విద్యార్థి ఒకాయన బడికి వచ్చారు. బెంగళూరులో వ్యాపారం చేసుకుంటున్నారు. గోడకు రంగులు వేయించే ఖర్చు తనదేనన్నారు. ఒక్క కోరిక మాత్రం కోరారు. "దారిన పోయేవాళ్ళకు మన తెలుగోళ్ళ గొప్పతనం కనబడాల సార్. అట్లాంటి బొమ్మలు వేయించండి."

మాది తమిళనాడు, కృష్ణగిరి జిల్లాలో ఒక చిన్న ఊరు. తెలుగు మాధ్యమం బడి. మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు. హొసూరు వైపు చుట్టాలున్నవాళ్ళకు కన్నడమూ వస్తుంది. బడిలో చేరే పిల్లల సంఖ్య మాత్రం ఏటేటా తగ్గుతోంది. ఈ పేజీ చదివే మాస్టర్లకు, తల్లిదండ్రులకు ఈ మాట కొత్తది కాదు. అలాంటి రోజుల్లో మా గోడను పట్టించుకునేవాళ్ళు ఒకరు రావడమే మాకు పండగలా అనిపించింది.

ఆ సాయంత్రమే అందరం కూర్చున్నాం. ఐదు నిమిషాల్లో జాబితా తయారైంది. శ్రీకృష్ణదేవరాయలు, తెలుగుతల్లి, త్యాగయ్య, పొట్టి శ్రీరాములు, సర్వేపల్లి రాధాకృష్ణన్. రాయలవారికి గేటు పక్కన పది అడుగుల చోటు కూడా కేటాయించేశాం. మాలో వయసులో చిన్నవారైన మాస్టారు ఒకరు అంతా విని, "వీళ్ళంతా పాఠ్యపుస్తకంలో ఉన్నవాళ్ళే గదా. మరి మన ఊరి తెలుగువాళ్ళెవరు?" అని అడిగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో పాఠాలు చెబుతున్న మాకే జవాబు తోచలేదు. సరే, పిల్లలనే అడుగుదామనుకున్నాం.

మూడు ప్రశ్నలు

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు మూడు ప్రశ్నలు రాయించి ఇంటికి పంపాం. మీ ఇంటిపేరు ఏమిటి? మీ పెద్దలు ఈ ఊరికి ఎక్కడినుంచి, ఎందుకు వచ్చారు? వచ్చాక ఏ పని చేశారు?

మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోయారు. కారణం మనకు తెలిసిందే. తమిళనాడులో పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. బడి రిజిస్టరులోనూ, మార్కుల పత్రంలోనూ అదే. ఇంటిపేరుకు అక్కడ చోటు లేదు. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళ నోట వినబడటమే తప్ప పిల్లలకు దానితో పని పడదు. రెండు తరాలు అలా గడిస్తే ఇంట్లోవాళ్ళకే గుర్తుండదు.

పోతే పోయింది, ఇంటిపేరేగా అనుకోవచ్చు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు మనం దండ వేసే ఫొటోనే చూడండి. రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు. ఆయన ఇంటిపేరైన సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఒక ఊరు. ఆ కుటుంబం ఎటునుంచి వచ్చిందో ఆ ఒక్క మాటే చెబుతోంది. త్యాగయ్య తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బతికి, 1847లో అక్కడే కన్నుమూశారు. కావేరి ఒడ్డున పెరిగినా కాకర్ల అన్న ఇంటిపేరు ఆయనను వదలలేదు. తెలుగునాడు దాటి వచ్చినవాళ్ళు పొలాలూ ఇళ్ళూ వెనక వదిలేసి వచ్చారు. ఊరిపేరు మాత్రం చాలామంది ఇంటిపేరుగా వెంట తెచ్చుకున్నారు. మా రిజిస్టరులో దానికి గడి లేకపోవడంతో మా పిల్లలకు అది దక్కలేదు.

మిగతా జవాబులు రకరకాలుగా వచ్చాయి. "కరువొస్తే పశువుల్ని తోలుకొని వచ్చినామని తాత చెప్పినాడు" అని ఒకడు రాశాడు. "మగ్గం గుంట తవ్వుకునేదానికి చోటిస్తామంటే వచ్చినారంట" అని మరొకడు. ఒకరింట్లో పెద్దాయనకు ప్రశ్నే నచ్చలేదు. "మేము యాడనుంచీ రాలేదు. ఈ మన్ను మాదే. గీతలు తర్వాత గీసినారు" అన్నారట. అదీ నిజమే. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు సరిహద్దుకు ఇటువైపు మిగిలిపోయిన తెలుగు ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. అందరం వలస వచ్చినవాళ్ళమేనని మేము అప్పటిదాకా తేలిగ్గా అనేవాళ్ళం. ఆ తాతగారు మమ్మల్ని సరిదిద్దారు.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఖాళీ కాగితం తెచ్చింది. ఎందుకు రాయలేదమ్మా అంటే తల వంచుకుని, "మాకేం లేదని చెప్పమన్నాడు సార్ మా నాయన" అంది.

ఆమె నాయన పంచాయతీలో పారిశుద్ధ్య కార్మికుడు. అంతకుముందు ఆ పని ఆమె అవ్వ చేసింది. తమిళనాడు పట్టణాల్లో తెల్లవారుజామున వీధులు ఊడ్చే కుటుంబాల్లో ఎంతోమంది ఇంటిభాష తెలుగు. ఈ పిల్ల సంగతే చెప్పాలంటే, తరగతిలో అందరికంటే చక్కటి తెలుగు ఆమెదే. మా సొంత పిల్లలు మరిచిపోయిన సామెతలు ఆమె నోట అలవోకగా వస్తాయి. అవన్నీ అవ్వ దగ్గర నేర్చినవే. తెలుగు భాషను ఇంట్లో నిలబెట్టుకున్న కుటుంబం తమకు చెప్పుకోడానికి ఏమీ లేదనుకుంది. మా జాబితాలో రాయలవారికి పది అడుగులుంది. ఈ అవ్వకు అంగుళం కూడా లేదు. ఆ కాగితం చూశాక మేము జాబితా పక్కన పెట్టేశాం.

చెంగం గుడి కప్పు మీద

గోడ మీద ఏం వేయాలో తేలక ముందే, మునుపటివాళ్ళు ఏం వేశారో చూద్దామని మా సోషల్ మాస్టారు అన్నారు. ఒక శనివారం పిల్లలను వ్యాన్‌లో ఎక్కించుకుని బయలుదేరాం. కృష్ణగిరి నుంచి ఊత్తంగరై మీదుగా తిరువణ్ణామలై పోయే దారిలో చెంగం వస్తుంది. అక్కడ వేణుగోపాల పార్థసారథి ఆలయం ఉంది. నాయక రాజుల కాలం నాటి గుడి. మండపం కప్పు మీద రామాయణం బొమ్మలు రాయించారు. చాలా భాగం చెరిగిపోయింది. మిగిలినవాటిలో యుద్ధకాండ ఘట్టాలు ఎక్కువ.

పిల్లలు మెడలు వెనక్కి వంచి చూడటం మొదలుపెట్టారు. కోతులను, రాక్షసులను లెక్కపెడుతూ కాసేపు గోల చేశారు. ఉన్నట్టుండి ఒకడు "సార్, తెలుగు!" అని కేక పెట్టాడు. బొమ్మల వెంబడి సన్నటి పట్టీల్లో అక్షరాలున్నాయి. తెలుగు అక్షరాలే. పాత మలుపులు కావడంతో కొన్ని మాకే అంతుబట్టలేదు. కొన్ని మసిలో కలిసిపోయాయి. అయినా పిల్లలు ఒక్కో అక్షరం పోల్చుకుంటూ, ఒకరు తప్పు చదివితే ఇంకొకరు దిద్దుతూ గంటసేపు కదల్లేదు. పాఠ్యపుస్తకం ముందు ఇంత పట్టుదల మేము ఎన్నడూ చూడలేదు.

ఇక్కడ తెలుగు ఎవరు రాశారని వాళ్ళు అడిగారు. మా మాస్టారు అక్కడే మండపంలో కూర్చోబెట్టి చెప్పారు. విజయనగర రాజుల తరఫున సెంజిలో, తంజావూరులో, మదురలో నాయకులు పాలకులయ్యారు. మదుర నాయక రాజ్యం 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైందని చరిత్రకారులు చెబుతారు. వాళ్ళ ఆస్థానాల్లో తెలుగు వెలిగింది. వాళ్ళతోపాటు, వాళ్ళ తర్వాత కూడా సైనికులు, రైతులు, నేతపనివాళ్ళు, కూలీలు దక్షిణానికి వచ్చి స్థిరపడ్డారు. ఈ గుడిలోని రామకథలో తెలుగువారి రంగనాథ రామాయణం పోకడలున్నాయని పరిశోధకులు గుర్తించారు. అంటే తమ ఇళ్ళలో విన్న రామాయణాన్ని వాళ్ళు కొత్త ఊరి గుడి కప్పు మీద బొమ్మలుగా చూసుకున్నారు.

ఖాళీ కాగితం తెచ్చిన అమ్మాయి అంతా విని, "బొమ్మలు వేసినోళ్ళ పేర్లు యాడుండాయి సార్?" అంది. పిల్లలంతా కలిసి వెతికారు. మాకైతే ఎక్కడా కనబడలేదు.

తిరుగు ప్రయాణంలో మాటలు మదుర మీదికి మళ్ళాయి. మీనాక్షి గుడి ఎదుట ఉన్న పుదు మండపాన్ని తిరుమల నాయకుడు కట్టించాడు. ఆయన 1623 నుంచి 1659 వరకు ఏలాడు. అందులోని స్తంభాల మీద మదుర నాయకుల నిలువెత్తు విగ్రహాలున్నాయి. తమ ముందువారు ఎవరో, తాము ఏ వరసలో వచ్చామో పదిమంది నడిచే చోట రాతిలో చూపించుకున్న కుటుంబం అది. అదే గుడిలో, రాణి మంగమ్మ కాలం నాటి ఊంజల్ మండపం కప్పు మీద మీనాక్షి కల్యాణం చిత్రించారు. రాణి బొమ్మ కూడా అక్కడే ఉంది. ఆ బొమ్మలకు పేర్లు తమిళంలోనూ తెలుగులోనూ రాశారు.

ఈ చివరి మాట దగ్గర మేము ఆగిపోయాం. అధికారం చేతిలో ఉన్నవాళ్ళు తమ భాషలో మాత్రమే రాయించుకోవచ్చు. ఆ గుడికి వచ్చే జనం తమిళం చదువుతారు. ఆస్థానం తెలుగు చదువుతుంది. ఇద్దరికీ అర్థం కావాలనే రెండూ రాయించి ఉంటారు. మూడు వందల ఏళ్ళ కిందటివాళ్ళకు తోచిన ఈ ఉపాయం మా సమావేశంలో మాకు తోచలేదు. మా గోడ మీద అంతా తెలుగులోనే రాయాలనుకున్నాం. దారిన పోయేవాళ్ళకు కనబడాలి అన్న మాటకు, వాళ్ళు చదవగలగాలి అన్న అర్థం కూడా ఉందని గ్రహించలేదు.

తమిళ మాస్టారు చెప్పిన సంగతి

మర్నాడు తమిళ అయ్యవారి దగ్గరికి వెళ్ళాం. బొమ్మల కింద రాసే వాక్యాలు తమిళంలో సరిచూసి పెట్టమని అడిగాం. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఒప్పుకుని, మాలో చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పారు. తమిళంలో కరిసల్ నేల కథలకు పేరుపొందిన కి. రాజనారాయణన్ 1923లో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాశారు. తెలుగునేల నుంచి పారిపోయి వచ్చి, అడవి నరికి, ఊరు కట్టుకున్నవాళ్ళ కథే ఆయన ‘గోపల్ల గ్రామం’ నవల. దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన 2021లో కన్నుమూశాక తమిళనాడు ప్రభుత్వం కోవిల్‌పట్టిలో విగ్రహంతో స్మారక మందిరం కట్టించింది. "మీ వలస కథను మేము తమిళంలో చదువుకున్నాం. మీ పిల్లలు చదివినారా?" అని ఆయన నవ్వుతూ అడిగారు. మా దగ్గర జవాబు లేని ప్రశ్న అది రెండోది.

మన పిల్లలకు తమిళం ఎలాగూ వస్తుంది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత అది తప్పనిసరి పాఠం కూడా. ఏ ఊళ్ళో ఉంటున్నామో ఆ ఊరి భాష నేర్వడం వల్ల ఎవరికీ నష్టం లేదు. రెండో భాష వచ్చేసరికి మొదటి భాషను ఇంటి గడప లోపలే ఉంచేసుకోవడంలో నష్టం ఉంది. గోడ మీద రెండూ పక్కపక్కన కనబడితే, ఒకటి బయటికి, ఒకటి ఇంటికి అన్న తేడా పిల్లల మనసులో కొంతైనా పలచబడుతుందని మాకు ఆశ కలిగింది.

పిల్లలు వేసిన గోడ ఒకటి

బొమ్మలు ఎవరు వేయాలన్నది తర్వాతి ప్రశ్న. ఖర్చు పెట్టే దాత మంచి ఆర్టిస్టును పంపుతానన్నారు. అప్పుడు మా డ్రాయింగ్ టీచర్ సెల్‌ఫోన్‌లో కొన్ని ఫొటోలు చూపించారు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలో వరదనీటి కాలువ గట్టు గోడ మీద వేసిన చిత్రమది. పొడవు 2,754 అడుగులు. మా గోడకు పాతిక రెట్లు. జ్యూడీ బాకా అనే చిత్రకారిణి 1976లో ఆ పని మొదలుపెట్టారు. ఆమె మెక్సికో మూలాలున్న కుటుంబంలో పుట్టారు. మొదటి వేసవిలో ఆమె వెంట పనిచేసినవాళ్ళు 80 మంది కుర్రకారు. వాళ్ళలో పోలీసు కేసుల్లో చిక్కుకున్నవాళ్ళు చాలామంది. చరిత్రకారులను పిలిపించి వాళ్ళకు పాఠాలు చెప్పించారు. 1983 దాకా ఐదు వేసవుల్లో 400 మందికి పైగా పిల్లలు, యువకులు ఆ గోడ మీద పనిచేశారు.

ఆ గోడ మీద ఉన్నది కాలిఫోర్నియా చరిత్రే. కానీ గవర్నర్ల వరస కాదది. అక్కడి ఆదివాసులు, రైలుపట్టాలు వేసిన చైనా కూలీలు, రెండో ప్రపంచయుద్ధంలో నిర్బంధ శిబిరాలకు తరలించిన జపాన్ సంతతివాళ్ళు, 1930లలో రైళ్ళెక్కించి వెనక్కి పంపేసిన మెక్సికన్ కుటుంబాలు, దుమ్ముతుఫాన్లకు పొలాలు పోగొట్టుకుని వలస వచ్చిన రైతులు ఉన్నారు. పుస్తకాల్లో తమవాళ్ళు కనబడని పిల్లలు తమవాళ్ళను తామే గోడ మీదికి తెచ్చుకున్నారు.

మా టీచర్ ఆ ఫొటోలు చూపించి ఒక్క మాటే అన్నారు. "ఆర్టిస్టు వేసిపోతే అది బొమ్మవుతుంది. మన పిల్లలు వేస్తే వాళ్ళకు పాఠమవుతుంది." దాతకు ఫోన్ చేశాం. ఆయన కొంచెం నిరుత్సాహపడ్డారు. పిల్లల చేతిలో రాయలవారి ముఖం ఎలా వస్తుందోనని భయపడ్డారు. చివరికి, సైన్‌బోర్డులు రాసే మా ఊరి పెయింటర్ పక్కనుండి సాయం చేసేలా, పిల్లలే వేసేలా ఒప్పందం కుదిరింది.

చీపురు వద్దన్న తండ్రి

పిల్లలు వేసిన నమూనాలను తరగతి గోడకు అంటించి తల్లిదండ్రులను పిలిచాం. ఆ అమ్మాయి ఈసారి ఖాళీ కాగితం తేలేదు. అవ్వను అడిగి తెలుసుకుని, చేతిలో పొడుగు చీపురుతో వీధిలో నిలబడ్డ అవ్వ బొమ్మ వేసింది. మాకందరికీ నచ్చింది. శ్రమను గౌరవించే బొమ్మ అని పొగిడాం కూడా. ఆమె నాయన పని దుస్తులతోనే వచ్చి, బొమ్మ చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "చీపురు తీసేయండి సార్. అది గోడకెక్కితే రేపట్నుంచి మా పాపను దాంతోనే పిలుస్తారు. మీరు మంచికే వేస్తుండారు. పిలిచేవాళ్ళు మీరు గాదు గదా."

మేము ఇన్నేళ్ళు తరగతిలో పాఠాలు చెబుతున్నాం. ఆ నాలుగు మాటలకు సమాధానం చెప్పలేకపోయాం. ఒకరి బతుకును గోడ మీద పెట్టే ముందు, ఆ గోడ ముందు నడవాల్సింది ఎవరో ఆలోచించాలి. మేము మెచ్చుకోవడం తేలిక. దాని బరువు మోయాల్సింది ఏడో తరగతి పిల్ల.

అవ్వే వచ్చి ఈ చిక్కు విప్పింది. కర్ర ఊతంతో బడికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. "నేను చేసిన పనికి నాకు సిగ్గు లేదు నాయనా. అయితే నేను పొద్దంతా చీపురు పట్టుకునే కూచున్నానా? సాయంత్రం అరుగు మీద పిల్లోళ్ళకు కతలు చెప్తా ఉంటి గదా. అది వెయ్యండి" అంది. బొమ్మ మారింది. అరుగు మీద అవ్వ, చుట్టూ పిల్లలు. పని సంగతి బొమ్మ కింద మాటల్లో పెడదామా అని అడిగాం. తండ్రి ఆలోచించి, వాక్యం తాను చూశాకే రాయాలన్నాడు. ఇప్పుడు గోడ మీద ఉన్నది ఆ ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్న వాక్యమే. "మా అవ్వ. ఊరు నిద్ర లేవకముందే వీధులు శుభ్రం చేసేది. సాయంత్రం మాకు తెలుగు కథలు చెప్పేది." దాని కిందే తమిళంలో అదే మాట.

ఒత్తు పోయిన అవ్వ

పని పది రోజులు సాగింది. పెయింటర్ పాత సున్నం గీకించి, పగుళ్ళకు పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టాడు. వానకు బురద చిమ్మే చోటని నేలనుంచి రెండడుగులు ముదురు రంగు వేసి వదిలేశాడు. కాగితం మీది బొమ్మకు గళ్ళు గీసి, అవే గళ్ళు గోడ మీద పెద్దవిగా గీసి, గడికి గడి ఎక్కించడం పిల్లలకు నేర్పాడు. లెక్కల మాస్టారు ఆ వారం నిష్పత్తుల పాఠం అక్కడే చెప్పేశారు.

పెయింటర్‌కు తెలుగు చదవడం రాదు. మేము రాసిచ్చిన అక్షరాలను బొమ్మలు చూసి గీసినట్టు గీశాడు. ఒకచోట ‘అవ్వ’లో వ ఒత్తు ఎగిరిపోయి ‘అవ’ మిగిలింది. పట్టుకున్నది ఆ అమ్మాయే. "అన్నా, మా అవ్వకు ఒత్తు పోయింది" అని వెనకబడి దిద్దించింది. ఆ రోజునుంచి గోడ మీది ప్రతి తెలుగు వాక్యాన్నీ ఆమె దగ్గర ఒప్పజెప్పాకే పెయింటర్ తర్వాతి పని ముట్టుకున్నాడు.

ఒక రోజు బండి ఆపి ఒక పెద్దమనిషి కొంచెం కటువుగానే అడిగారు. ఇది తమిళనాడు కదా, గోడ నిండా తెలుగు ఏమిటని. మేము జవాబు వెతుక్కునేలోపే ఒక పిల్లవాడు తమిళంలో, "కింద మీకూ రాసినాం, చదవండి" అన్నాడు. ఆయన చదివారు. ఒక బొమ్మ దగ్గరినుంచి ఇంకో బొమ్మ దగ్గరికి నడిచారు. వెళ్ళేముందు, తన అమ్మమ్మ కూడా ఇంట్లో తెలుగే మాట్లాడేదని, తమకు రాకుండా పోయిందని చెప్పారు.

ఇప్పుడు మా గోడ మీద కరువుకు పశువులతో వచ్చిన కుటుంబం ఉంది. గుంటమగ్గం ఉంది. ఎక్కడినుంచీ రాలేదన్న తాత తన చింతచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. చెంగం గుడి కప్పును చూస్తూ మెడలు వంచిన పిల్లలున్నారు. రాయలవారూ ఉన్నారు. దాత భయపడినట్టే ముఖం కొంచెం గుండ్రంగా వచ్చింది. ఆయన బొమ్మ ఎంత ఎత్తో అవ్వ బొమ్మా అంతే ఎత్తు. అన్నింటికీ కింద రెండు భాషలు. చివర, బొమ్మలు వేసిన పిల్లలందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాశాం. చెంగంలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మేము ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే.

మీ బడిలోనూ చేయవచ్చు

షోలాపూరులో, బరంపురంలో, బళ్ళారిలో మన బడులు ఉన్నాయి. ఒక్కోచోట వచ్చిన దారి వేరు, చేసిన పని వేరు, పక్కింటివాళ్ళ భాష వేరు. అందుకే మా బొమ్మలు మీకు పనికిరావు. మా మూడు ప్రశ్నలు పనికివస్తాయి. ముందు వాటిని ఇంటికి పంపండి. ఖాళీగా తిరిగి వచ్చిన కాగితాన్ని తప్పుగా లెక్కపెట్టకండి. అందులో ఏముందో కనుక్కోండి. ఎవరి బొమ్మ వేసినా ఆ ఇంటివాళ్ళ అనుమతి తీసుకోండి. రాసే వాక్యం వాళ్ళకు చదివి వినిపించండి. మీ ఊరి భాష చెప్పే మాస్టారిని మొదటి రోజే కలుపుకోండి. డబ్బు లేకపోతే గోడ కూడా అక్కర్లేదు, తరగతి గది వెనక తలుపు చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటిపేరు పిల్లలకు చెప్పండి. రిజిస్టరులో చోటు లేకపోయినా నోటుపుస్తకం అట్ట మీద రాయించండి. ఏ ఊరినుంచి వచ్చామో తెలియకపోతే తెలిసినవాళ్ళు బతికుండగానే అడగండి. మా ఊళ్ళో పశువుల కథ చెప్పిన తాత గోడ పూర్తయిన నెలకే కాలం చేశారు. మనవడు రాసుకొచ్చిన ఆ ఒక్క పేజీ లేకపోతే ఆ కథ ఆయనతోనే పోయేది.

ఈ ఏడాది బడిలో పిల్లలు ఎక్కువమంది చేరలేదు. గోడ వేసినంత మాత్రాన చేరతారని మేము అనుకోనూ లేదు. గోడ మీద గేటు పక్కన ఒక చెట్టు వేశాం. దాని ఒక్కో ఆకు మీద ఒక్కో ఇంటిపేరు రాశాం. మొన్న బడి విడిచే వేళ, పూలమ్ముకునే ఆవిడ గంప దించి ఆ చెట్టు ముందు చాలాసేపు నిలబడింది. "మా ఇంటిపేరు లేదే సార్. మా పిల్లోడు మీ బళ్ళో చదవలేదు, అయినా రాస్తారా?" అని అడిగింది. చెట్టుకు ఇంకా చాలా ఆకులు ఖాళీగా ఉన్నాయి. బ్రష్ తెమ్మని ఆ అమ్మాయిని లోపలికి పంపాం.